మోంటానాకు ఫోన్ చేసిన జైనబీ

ఏప్రిల్ నెలలో ఒక మంగళవారం పొద్దున జైనబీ వంటింట్లో రొట్టెలు కాలుస్తోంది. వెనకనుంచి గ్లాసు పగిలిన చప్పుడైంది. "ఏం పగలగొట్నావు పాపా?" అంటూ తిరిగి చూసేసరికి ఉమైమా నేలమీద పడి ఉంది. ఒళ్ళంతా కట్టెలా బిగుసుకుపోయింది. కళ్ళు తేలేసింది. ఆ వెంటనే కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

జైనబీ స్టవ్ ఆర్పింది. గాజుపెంకుల్ని కాలితో దూరంగా నెట్టింది. పిల్లను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలమీది ముసుగు తీసి మడతపెట్టి తలకింద దూర్చింది. ఇంకేమీ చెయ్యలేదు. చెయ్యకూడదని ఆమెకు తెలుసు. గోడ గడియారం చూస్తూ పక్కనే కూర్చుంది. రెండు నిమిషాలు. 

కాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది. తనెక్కడుందో పోల్చుకోవడానికి మరికాసేపు పట్టింది. పోల్చుకున్నాక అన్న మొదటి మాట తల్లి గురించే, "జైనమ్మా, మామాకు చెప్పొద్దు."

జైనబీది రాయచోటి దగ్గర ఒక పల్లె. దూదేకులవాళ్ళు కాబట్టి ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. పెళ్ళయిన మూడేళ్ళకు భర్త పోయాడు, పిల్లల్లేరు. ముప్ఫై నిండకముందే మస్కట్ విమానం ఎక్కింది. అక్కడ ఖురం అనే పేటలో బిలాల్, అస్రా దంపతుల ఇంట్లో పనికి చేరేనాటికి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు ఉమైమాకు ఆరు నెలలు. అస్రా బడిలో టీచరు, బిలాల్‌ది ఓడల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం. పిల్ల పెరిగిందంతా జైనబీ చంకలోనే. గల్ఫ్ ఇళ్ళల్లో అందరిలాగే యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలవడం ఆమె నేర్చుకుంటే, ఆ పిల్ల మాత్రం రాయచోటి తెలుగు నేర్చేసుకుంది. పద్దెనిమిదేళ్ళు వచ్చినా వంటింట్లోకి వస్తే ఆ భాషే.

నాలుగో ఏట ఉమైమాకు ఫిట్స్ మొదలయ్యాయి. తొమ్మిదో ఏటికి ఆగిపోయాయి. పన్నెండేళ్ళప్పుడు డాక్టరు మాత్రలు కూడా మానిపించాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. చుట్టాల చెవిన పడితే జబ్బుపిల్లని పేరు పడుతుందని అస్రా భయం. వచ్చిన గండం గడిచిపోయిందనే అందరూ అనుకున్నారు.

ఇప్పుడు మళ్ళీ వచ్చింది. అది కూడా ఎప్పుడు? ఆగస్టులో పిల్ల అమెరికా ప్రయాణం పెట్టుకున్నాక.

ఖురియాత్‌ ఊళ్ళో బిలాల్ తల్లికి ఖర్జూరపు తోట, మేకల మంద ఉన్నాయి. పదేళ్ళప్పుడు అక్కడ ఒక మేక ఈనలేక చచ్చిపోవడం ఉమైమా కళ్ళారా చూసింది. ఆ రోజునుంచీ పశువుల డాక్టరవుతానని పట్టు. బాగా చదివింది, స్కాలర్‌షిప్ తెచ్చుకుంది. అమెరికా అనగానే చుట్టాలందరూ తలలూపారు. మోంటానా అనేసరికి మాత్రం అదెక్కడుందని అడిగారు. బిలాల్ కూడా ఫోన్లో మ్యాప్ తెరిచి వెతుక్కున్నాడు. ఎక్కడో పైన, కెనడాకు ఆనుకుని ఉంది.

"ఒమన్ కంటే పెద్ద రాష్ట్రం జైనమ్మా. మనుషులు మాత్రం మస్కట్లో ఉన్నంతమంది గూడా లేరు," అని వంటింటి బండమీద కూర్చుని లాప్‌టాప్ చూపించేది ఉమైమా. రెండూళ్ళలో రెండు పెద్ద యూనివర్సిటీలున్నాయట. మిగతావన్నీ చిన్న కాలేజీలు. గోధుమచేల నడుమ ఒకటి, కొండకింద ఒకటి. అక్కడి ఆదివాసీలు తమ పిల్లలకోసం తామే నడుపుకునే కాలేజీలు కూడా ఉన్నాయట. ఉమైమాకు సీటొచ్చింది చిన్నవాటిలోకెల్లా చిన్నదానిలో. చదివేవాళ్ళు ఏడువందలమంది. కాలేజీ సొంత ఆవులు అంతకంటే ఎక్కువ.

"మంచులోనే దూడలు పుడతాయంట. చదువుకునేటోళ్ళే వంతులేసుకుని పురుడు పోయాలంట."

"డిగ్రీ ఇస్తారా, మంత్రసాని పనిస్తారా?" అని జైనబీ నవ్వింది. తర్వాత ఒక ఫొటో చూసింది. కనుచూపు మేర తెల్లగా ఉంది. ఒక్క కట్టడం, ఒక్క రోడ్డు. మనిషి అన్నవాడు లేడు.

"ఆస్పత్రి యాడుంది?"

"అరవై కిలోమీటర్లు."

అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. ఏప్రిల్ మంగళవారం తర్వాత మాత్రం ఆ అరవై కిలోమీటర్లు ఆమె బుర్రలోంచి కదల్లేదు.

ఎందుకంటే జైనబీకి జిలాని అని ఒక తమ్ముడుండేవాడు. అతనికీ ఇదే జబ్బు. ఇరవై ఏళ్ళప్పుడు ముగ్గురాయి పొడిచేసే మిల్లులో పని దొరికింది. జబ్బు సంగతి చెబితే పని ఇవ్వరని వాళ్ళమ్మ చెప్పనివ్వలేదు. పనిలో చేరిన రెండో నెలలో అక్కడే పడ్డాడు. పక్కనున్నవాళ్ళు మంచివాళ్ళే. పరుగెత్తుకొచ్చారు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళూ చేతులూ అదిమిపట్టారు, గుప్పిట్లో తాళాలగుత్తి పెట్టారు, సొమ్మసిల్లాడనుకుని నోట్లో నీళ్ళు పోశారు. ఆ నీళ్ళకే ఊపిరాడక పోయాడు. తెలియనివాళ్ళ మధ్య పడ్డాడు కాబట్టి పోయాడు. ఈ మాట జైనబీ ఎవరికీ చెప్పలేదు గాని, ఇరవై ఐదేళ్ళుగా తనకు తాను చెప్పుకుంటూనే ఉంది.

మే నెలలో బాత్రూం దగ్గర ఉమైమాకు ఇంకోసారి వచ్చింది. ఈసారీ చూసింది జైనబీ ఒక్కతే. తేరుకున్నాక పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని తన నెత్తిమీద పెట్టుకుంది.

"ఒట్టెయ్యి. మామాకు, బాబాకు చెప్పనని."

"కాలేజీ వాళ్ళకన్నా చెప్పినావా పాపా?"

"ఫారంలో అడిగినారు. లేదని రాసినా."

"అయ్యో, ఎందుకట్ల రాసినావు!"

"ఉందని రాస్తే సీటు పీకేస్తారు. మామాకు తెలిస్తే నన్ను ఇంట్లోనే కూర్చోబెడ్తాది. సచ్చేదాకా ఈ బండమీదనే కూర్చోవాల నేను. ఒట్టెయ్యి జైనమ్మా."

పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూడలేక జైనబీ ఒట్టేసింది. వేసిన క్షణంనుంచీ ఆమెకు అన్నం సహించలేదు. ఉమైమా గది తలుపు మూసి ఉంటే చాలు, ఏదో ఒక వంకతో తలుపు తట్టేది. లోపల చెంచా కిందపడినా పరుగెత్తేది. కళ్ళు మూసుకుంటే ఆ తెల్లటి నేల కనబడేది. దానిమీద పిల్ల పడి ఉంటుంది. ఎవరో కాళ్ళు అదిమిపడతారు, ఎవరో నీళ్ళు పట్టుకొస్తారు.

ఆ వీధిలోనే ఇంకో ఇంట్లో పనిచేసే శ్రీలక్ష్మిది రాజోలు. ఇద్దరూ పొద్దున కిరాణాకొట్టు దగ్గర కలుసుకుంటారు. ఒకరోజు ఉండబట్టలేక, పేరెత్తకుండా, "ఇట్లాంటిది తెలిస్తే నువ్వేం చేస్తావబ్బా?" అని అడిగింది జైనబీ.

శ్రీలక్ష్మి ఇట్టే పట్టేసింది. "మనకెందుకే తల్లీ! చెప్తే ఇంట్లో చిచ్చుపెట్టావంటారు. చెప్పకపోతే, రేపొద్దున ఏదన్నా అయ్యాక, తెలిసీ దాచావంటారు. ఎటు తిరిగినా ఊరికి టిక్కెట్టు కొట్టి పంపేది మనల్నే. ఏమీ చూళ్ళేదనుకో. కూరగాయలు తీసుకుని ఇంటికి పో."

జైనబీ కూరగాయలు తీసుకుని ఇంటికి పోయింది. చూడలేదని అనుకోవడం మాత్రం చేతకాలేదు.

జూలై ఆఖర్లో, ప్రయాణానికి మూడు వారాలుందనగా, అందరూ ఖురియాత్ వెళ్ళారు. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఎండ నిప్పులు చెరుగుతోంది. పెద్దవాళ్ళందరూ ఏసీ గదిలో నడుం వాల్చారు. గిన్నెలు కడుగుతున్న జైనబీకి పెరట్లో మేకలు ఒక్కసారిగా బెదిరి అరవడం వినిపించింది. చేతిలో గిన్నె అలాగే వదిలేసి పరుగెత్తింది.

మేకలు నీళ్ళు తాగే సిమెంటు తొట్టిలో ఉమైమా తల ఉంది. నడుం దాకా తొట్టి గట్టుమీద వాలి, కాళ్ళు బయట కొట్టుకుంటున్నాయి.

జైనబీ నడుం పట్టుకుని వెనక్కి గుంజింది. పిల్ల బరువుకు తానూ కిందపడింది. పక్కకు తిప్పింది. ముక్కులోంచి, నోట్లోంచి నీళ్ళు కారాయి. ఊపిరి లేదు. "యా అల్లా, యా అల్లా" అనడం తప్ప ఇంకో మాట రాలేదు ఆమెకు. అలా ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి పిల్ల పెద్దగా దగ్గింది. ఇంకోసారి దగ్గి ఊపిరి తీసింది. ఇంట్లోంచి ఎవరూ రాలేదు. ఎవరికీ వినబడలేదు.

తేరుకున్నాక ఉమైమా తడిసిన ముఖంతో చాలాసేపు మేకలవైపే చూసింది. ఈసారి ఒట్టు వెయ్యమనలేదు. "తొట్టి కడుగుతాంటే జారినానని చెప్తా," అంది, అంతే.

మస్కట్ తిరిగొచ్చాక జైనబీ రెండు రోజులు ఆలోచించింది. ఒట్టు వేసింది మామాకు, బాబాకు చెప్పనని. కాలేజీవాళ్ళకు చెప్పనని కాదు. ఆ చిన్న సందు ఆమెకు కనబడింది. సీటు పోతే? పిల్ల జన్మలో తన ముఖం చూడదు. ఆ భయం ఒకవైపు, తొట్టి ఒకవైపు.

ఫ్రిజ్ తలుపుకు అంటించిన కాలేజీ ఉత్తరంమీద ఫోన్ నంబరుంది. అంకెలైతే ఆమె చదవగలదు. వీధి మూలనున్న మొబైల్ షాపులో మలయాళీ అతను ఆమె ఫోన్లో అమెరికాకు మాట్లాడే ఏర్పాటు చేసిపెట్టాడు. అక్కడి గడియారం పది గంటలు వెనకుంటుందని ఉమైమాయే ఒకప్పుడు చెప్పింది. శుక్రవారం సాయంత్రం ఇంట్లోవాళ్ళు బంధువులింటికి పోయారు. ఏడున్నరకు జైనబీ తన గదిలో గొళ్ళెం పెట్టుకుని, ఒక్కో అంకె నొక్కింది.

మిషను మాట్లాడుతుందనుకుంది. మనిషే ఎత్తింది. వయసు మళ్ళిన ఆడగొంతు.

"హలో మేడమ్. ఐ ఫ్రమ్ ఒమన్. హౌస్‌మెయిడ్." తర్వాతి మాట వెతుక్కుంది. "వన్ గర్ల్ కమింగ్ యువర్ కాలేజ్."

ఆమె ఏదో చెప్పింది. జైనబీకి అర్థం కాలేదు. ఆమె విసుక్కోకుండా ఇంకోసారి, మరీ నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. చదువుకునే పిల్లల గురించి తను బయటివాళ్ళకు ఏమీ చెప్పకూడదట. కానీ ఫోన్ చేసినవాళ్ళు చెబితే వినొచ్చట.

జైనబీ పేరు చెప్పలేదు. వేరే విధంగా అడిగింది. "మేడమ్, యువర్ కాలేజ్, వన్ గర్ల్ ఫాలింగ్. షేకింగ్, షేకింగ్. యూ వాట్ డూ?"

జవాబు వచ్చేదాకా జైనబీ ఆగలేకపోయింది. "మేడమ్! నో వాటర్ మౌత్, మేడమ్. నో కీ. నో హోల్డ్. టర్న్. సైడ్. ప్లీజ్, సైడ్!" చెబుతూంటే తెలియకుండానే ఏడుపొచ్చేసింది. జిలానికోసం ఎవరికీ చెప్పలేకపోయిన మాటలు భూమికి ఆ చివరనున్న ఎవరో మనిషికి, రాని భాషలో చెబుతోంది.

"యెస్," అంది ఆ గొంతు మెల్లగా, తమకు తెలుసన్నట్టు. "సైడ్. వి నో. వి నో."

తర్వాత ఆమె చాలా మాటలు చెప్పింది. అర్థం కానివి జైనబీ మళ్ళీ మళ్ళీ అడిగింది. ఫిట్స్ ఉన్న పిల్లలు వాళ్ళ దగ్గర ఇంతకుముందూ చదివారు, ఇప్పుడూ చదువుతున్నారు. కింది అంతస్తులో గది ఇస్తారు. గదిలో ఉండే రెండో పిల్లకూ, హాస్టలు చూసేవాళ్ళకూ ఏం చెయ్యాలో నేర్పుతారు. పశువుల కొట్టంలోకి ఒంటరిగా పంపరు. డాక్టరు ఉత్తరం కావాలి. మందులు కుదురుకోవడానికి టైము కావాలంటే జనవరిలో చేరొచ్చు. సీటు పోదు. "బట్ షీ టెల్ అస్," అంది చివర్లో, జైనబీ ఇంగ్లీషులోనే. "షీ. నాట్ యూ."

ఫోన్ పెట్టేముందు, మీరు ఆ అమ్మాయికి ఏమవుతారని అడిగింది. జైనబీకి వచ్చిన ఇంగ్లీషులో అందుకు ఒక్క మాటే ఉంది. అది ముందే చెప్పేసింది.

మర్నాడు పొద్దున తానే ఉమైమాకు చెప్పింది. దాచడం ఇంక ఆమె వల్ల కాలేదు.

"నీ పేరు చెప్పలే పాపా. ఒమన్ అని మాత్రం చెప్తి."

"ఒమన్ నుంచి ఆ కాలేజీకి పోయేది నేనొక్కదాన్నే!" ఉమైమా ముఖం పాలిపోయింది. "నువ్వు గూడానా జైనమ్మా? నువ్వు గూడా?"

జైనబీ మిగతాది చెప్పబోయింది. పిల్ల వినలేదు, తలుపు ధడాలున వేసుకుంది. ఆ తర్వాత నాలుగు రోజులు జైనబీతో తెలుగు మాట్లాడలేదు. అరబ్బీలో, వేరే ఇంటి పనిమనిషితో మాట్లాడినట్టు, "టీ తీసుకురా," "చొక్కా ఇస్త్రీ చెయ్యి," అంది. తిట్టినా అంత బాధపడేది కాదు జైనబీ. కాలేజీనుంచి సీటు రద్దయిందని ఉత్తరం వస్తుందేమోనని పిల్ల ఫోన్ మోగినప్పుడల్లా వంటింట్లో చేస్తున్న పని ఆపి చెవి అటు పెట్టేది.

ఐదో రోజు ఉమైమా వచ్చి బండమీద కూర్చుంది.

"ఆమె ఏం చెప్పిందో మళ్ళీ చెప్పు."

జైనబీ ఉల్లిగడ్డలు తరగడం ఆపి అంతా చెప్పింది.

"రావద్దని అన్లేదా?"

"అన్లే. నువ్వే చెప్పాలనింది."

"మామాకు చెప్పేటప్పుడు నువ్వు నా పక్కన నిలబడాల."

జైనబీ సరేనంది.

చెప్పింది శనివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక. అస్రా నోటిమీద చెయ్యి వేసుకుంది. బిలాల్ కూతురివైపు కాదు, జైనబీవైపు తిరిగాడు.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"ఏప్రిల్ నుంచి, బాబా."

"నాలుగు నెలలు! నా ఇంట్లో ఉంటూ, నా కూతురి సంగతి నాలుగు నెలలు నాకు చెప్పకుండా దాచావా? తొట్టిలో పోయుంటే? సామాను సర్దుకో."

జైనబీకి ఆయనన్నది నిజమేననిపించింది. గదిలోకి వెళ్ళి మంచంకింది పెట్టె లాగింది. ఒక్కో బట్టా మడిచి అందులో పెట్టింది. రాయచోటిలో ఆమెకోసం ఎదురుచూసే మనిషి లేడు. పద్దెనిమిదేళ్ళలో తనకు ఊరంటూ మిగిలింది ఈ ఇల్లే. బయట ఉమైమా గట్టిగా ఏడుస్తోంది, బిలాల్ అరుస్తున్నాడు, తర్వాత ఏమీ వినబడలేదు.

గంట గడిచాక తలుపు తోసుకుని అస్రా వచ్చింది. పద్దెనిమిదేళ్ళలో పనిమనిషి గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. కుర్చీ లేదు. నేలమీద కూర్చుంది.

"చిన్నప్పుడు ప్రతిసారీ దాన్ని పట్టుకున్నది నువ్వే," అంది. "నేను పక్కగదిలో ఏడుస్తూ ఉండేదాన్ని. ఏం చెయ్యాలో నాకిప్పటికీ తెలియదు. నేర్పించు."

అని చాపమీద పడుకుంది. మామాను ముట్టుకోవడానికి జైనబీ జంకింది. "నేను ఉమైమా అనుకో," అంది అస్రా కళ్ళు మూసుకుని. జైనబీ ఆమె భుజంకింద చెయ్యివేసి మెల్లగా పక్కకు తిప్పింది. మోకాలు మడిచింది. తలకింద గుడ్డ పెట్టింది. ఆ తర్వాత జైనబీ పడుకుంది, అస్రా తిప్పింది. రెండుసార్లు తప్పుగా, మూడోసారి సరిగ్గా. తలెత్తి చూస్తే గుమ్మంలో బిలాల్ నిలబడి ఉన్నాడు.

పెట్టె సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఉండమనీ అనలేదు. రెండు నెలలు జైనబీతో ముఖాముఖి మాట్లాడలేదు. ఆ రెండు నెలలూ ఆయన కారు చప్పుడు వినబడితే చాలు, ఇవాళ టిక్కెట్టు తెస్తున్నాడేమోనని ఆమెకు పై ప్రాణాలు పైనే పోయేవి. ఉమైమా తనంతట తానే కాలేజీకి రాసింది. పెద్ద డాక్టరు మాత్రలు మొదలుపెట్టి, మూడు నెలలు చూద్దామన్నాడు. స్కాలర్‌షిప్ వాళ్ళను ఒప్పించడానికి బిలాల్ ఆఫీసులచుట్టూ తిరిగాడు. ప్రయాణం జనవరికి వాయిదాపడింది. ఆ మూడు నెలల్లో ఫిట్స్ మళ్ళీ రాలేదు.

జనవరి రెండో వారంలో, మంచు పీకల్లోతున్న కాలంలో, ఉమైమా మోంటానా వెళ్ళింది.

ఫిబ్రవరి చివర్లో అక్కడా వచ్చింది. ఆవుల కొట్టం దగ్గర, పొద్దున పూట. గదిలో ఉండే పిల్ల పక్కనే ఉంది, చెయ్యాల్సింది చేసింది. ఉమైమాయే వీడియో కాల్ చేసి తల్లికి చెప్పింది. తర్వాత జైనమ్మను పిలవమంది. నుదుటిమీద చిన్న గాయపు గీత ఉంది, వెనక ఎవరో నవ్వుతూ ఏదో అంటున్నారు.

"రెండు నిమిషాల పది సెకన్లంట. లేచినాక నాకు టీ ఇచ్చినారు. సల్లగా ఉండె, తాగలేకపోతి."

జైనబీ "సరే నాయనా" అంది. లోపలికొచ్చి వంటింటి గుమ్మంలోనే కూలబడింది. బిలాల్ ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. ఇంకో గ్లాసు ముంచుకుని తానూ గటగటా తాగాడు.

"ఇప్పుడు భయం తగ్గిందా?" అని ఆ వారం కిరాణాకొట్టు దగ్గర శ్రీలక్ష్మి అడిగింది.

"యాడ తగ్గుతాదబ్బా?" అంది జైనబీ, టమేటాలు ఏరుకుంటూ. "పొద్దున ఫోన్ మోగితే ఇప్పటికీ సచ్చిపోతాండా. కాకపోతే, అప్పుడు నేనొక్కదాన్నే భయపడ్తాంటి. ఇప్పుడు అందరం భయపడ్తాండాం."